డిష్‌వాషర్‌లో వాసన, గ్లాసుల్లో ఇసుక: ఫిల్టర్ మార్చాలా, కడిగితే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. డిష్‌వాషర్ కొని రెండేళ్లయింది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, సగం రోజులు బోరు నీళ్లు, సగం రోజులు మంజీరా నీళ్లు. నెల రోజులుగా తలుపు తెరవగానే పులిసిన వాసన వస్తోంది. స్టీలు గ్లాసుల లోపల, అడుగున ఇసుకలాంటి పొడి కనిపిస్తోంది, అప్పుడప్పుడు ఒకటి రెండు ఆవాలు కూడా. చూడడానికి వచ్చిన మెకానిక్ ఫిల్టర్ సెట్టు మొత్తం మార్చాలన్నాడు. మార్చాలా, కడిగితే చాలా, ఎన్నాళ్లకోసారి కడగాలి, వెనిగరో బ్లీచింగో వాడవచ్చా అని అడిగారు. ప్రతి ఆదివారం ఫిల్టర్ కడుగుతూనే ఉన్నామని కూడా రాశారు. నాకు అన్నిటికన్నా ఆ చివరి వాక్యమే ముఖ్యమనిపించింది.

ఇప్పుడే మార్చవద్దు. జల్లెడ చిరగకుండా, ప్లాస్టిక్ అంచు విరగకుండా ఉంటే ఆ ఫిల్టర్ ఇంకా చాలా కాలం పనిచేస్తుంది. మన వంటకు వారానికి ఒకసారి కడగాలి. గిన్నెలు తోమే లిక్విడ్, వేడి నీళ్లు, మెత్తని పాత టూత్‌బ్రష్ చాలు. వెనిగర్ ఫిల్టర్‌కు అక్కరలేదు. బ్లీచింగ్ మాత్రం ఆ మిషన్ దరిదాపులకు కూడా రానివ్వకండి. ఇక మీ గ్లాసుల్లో ఆవాల సంగతి: ప్రతి వారం కడుగుతున్నా ఆవాలు కనిపిస్తున్నాయంటే నా అనుమానం మురికి ఫిల్టర్ మీద కాదు, వదులుగా కూర్చున్న ఫిల్టర్ మీద.

నేను పదహారేళ్లుగా వంటింటి యంత్రాలు బాగుచేస్తున్నాను. మిక్సీలతో మొదలుపెట్టి, వాషింగ్ మెషీన్లు దాటి, డిష్‌వాషర్లకు వచ్చాను. 2020 లాక్‌డౌన్‌లో పనివాళ్లు రాలేని నెలల్లో ఈ మిషన్లు మన ఇళ్లలోకి ఒక్కసారిగా వచ్చాయి. ఏడాది తిరిగేసరికి నాకు ఫోన్లు మొదలయ్యాయి. అప్పట్లో నేను చూసిన ఇళ్లలో చాలామందికి మిషన్ అడుగున ఒక ఫిల్టర్ ఉంటుందనే తెలియదు. ఒకచోట దాన్ని పైకి తీస్తే ఏడాది పాటు చేరిన అన్నం గంజిలా మారి, గడ్డకట్టి, అచ్చు పోసిన మైనంలా బయటకు వచ్చింది. ఇంటాయన అది మిషన్‌లో ఒక భాగమే అనుకుని, జాగ్రత్తగా పట్టుకోండి అన్నారు.

ఇప్పుడు కాలం మారింది. అందరూ వీడియోలు చూసి కడుగుతున్నారు. అందువల్ల జబ్బు కూడా మారింది. మూసుకుపోయిన ఫిల్టర్లు తగ్గాయి, సరిగా బిగించని ఫిల్టర్లు పెరిగాయి. నిజం చెప్పాలంటే మొదటి జబ్బే నయం. మూసుకుపోయిన ఫిల్టర్ గిన్నెలు మురికిగా ఉంచుతుంది, అంతే. వదులుగా ఉన్న ఫిల్టర్ పంపును తినేస్తుంది.

ఎందుకో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతోందో కొంచెం చెప్పాలి. డిష్‌వాషర్ ఒక లోడుకు వాడే నీళ్లు మొత్తం కలిపి పది పన్నెండు లీటర్లు. అదీ ఒకేసారి కాదు. మూడు నాలుగు లీటర్లు తీసుకుని, వాటినే తిప్పి తిప్పి గిన్నెల మీద చల్లి, తోసేసి, మళ్లీ మూడు నాలుగు లీటర్లు తీసుకుంటుంది. అంటే పప్పు గిన్నె మీద పడిన నీళ్లే మరుక్షణం మీ కాఫీ గ్లాసు మీద పడతాయి. మధ్యలో వాటిని వడకట్టేది ఈ ఒక్క ఫిల్టరే. పై నుంచి వచ్చే నీళ్లు జల్లెడ దాటి గుంటలోకి దిగుతాయి, అక్కడి నుంచి పంపు వాటిని లాగి, ఫ్యానులా తిరిగే స్ప్రే ఆర్మ్‌ల లోకి తోస్తుంది. ఫిల్టర్ చుట్టూ ఒక సన్నని సందు ఉందనుకోండి, నీళ్లు జల్లెడలోంచి పోవాల్సిన అవసరం లేదు. సులువైన దారి దొరికింది కదా, పక్కనుంచి పోతాయి. ఆవాలు, జీలకర్ర, మెతుకులు కూడా వాటి వెంటే.

కాబట్టి ముందు ఒక పరీక్ష చేయండి. కింది స్ప్రే ఆర్మ్ చాలా మిషన్లలో నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది. పై దానికి ఒక నట్టు ఉంటుంది, చేత్తో తిప్పితే ఊడుతుంది. రెండింటినీ చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల గలగలమంటే గింజలున్నట్టే. తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టి రంధ్రాలు చూడండి. ఏ రంధ్రంలోనైనా ఆవగింజ ఇరుక్కుని కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు. ఆ ఆర్మ్ లోకి నీళ్లు పంపు నుంచి తప్ప మరోచోటు నుంచి రావు. పంపు దాకా ఆవగింజ చేరిందంటే ఫిల్టర్‌ను తప్పించుకుని వచ్చిందన్నమాట. ఆర్మ్‌లు ఖాళీగా ఉండి గ్లాసులో మాత్రమే ఎప్పుడో ఒక ఆవగింజ కనిపిస్తే కంగారు పడకండి, పక్కనున్న పోపు గిన్నెలోంచి నేరుగా ఎగిరి పడి ఉండవచ్చు.

ఇరుక్కున్న గింజల్ని పుల్లతో తీయండి. పిన్నీసులు, సూదులు వద్దు, రంధ్రం పెద్దదైతే నీళ్ల ధార దారి తప్పుతుంది. పుల్ల మొన లోపల విరగకుండా మాత్రం చూసుకోండి. నేను పంపుల్లోంచి తీసిన వస్తువుల్లో అరిగిపోయిన టూత్‌పిక్ ముక్కలకు పెద్ద పీట వేయాలి.

ఇక గ్లాసుల్లో ఉన్న ఆ ఇసుక. మన ఇళ్లలో అది మూడు రకాలుగా ఉంటుంది. మూడింటికీ మందు వేరు, అందుకే చూడకుండా ఫిల్టర్ మార్చమన్నవారి మాట నేను పట్టించుకోను. గ్లాసు అడుగున ఉన్న పొడి మీద రెండు చుక్కల నీళ్లు వేసి వేలితో రుద్దండి. వెంటనే కరిగిపోతే అది ఉప్పు గానీ కరగని డిటర్జెంటు గానీ. ఉప్పయితే మిషన్ అడుగున, నీళ్లలో గార తగ్గించడానికి ఉప్పు పోసే డబ్బా మూత సరిగా బిగియలేదు, లేదా దాని రబ్బరు కింద ఉప్పు రవ్వ పడింది. నీళ్లకు కరగక, నిమ్మరసం వేస్తే కరిగిందంటే అది బోరు నీళ్ల గార. గీజరు రాడ్డు మీద పట్టే తెల్ల గార ఏదో ఇదీ అదే. నీళ్లకూ నిమ్మరసానికీ దేనికీ లొంగకుండా వేళ్ల మధ్య గరగరలాడితే అది తిండి పొడి. అప్పుడు మాత్రమే ఫిల్టర్ వైపు చూడాలి. మీరు చెప్పినదాన్నిబట్టి మీకు రెండో రకం, మూడో రకం కలిసి ఉన్నాయనుకుంటున్నాను.

కడిగే పద్ధతి. పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు తీయండి. కడగడం అయిన వెంటనే చేయి పెట్టకండి, వేడిగా ఉంటుంది. అరగంట ఆగండి. కింది ట్రే బయటకు లాగితే మధ్యలో నిలువు స్తంభంలాంటి ఫిల్టర్ కనిపిస్తుంది. గడియారం ముల్లుకు వ్యతిరేకంగా కొద్దిగా తిప్పి పైకి లాగితే వస్తుంది. దాంతోపాటే, లేదా దాని కింద, వెడల్పుగా ఉండే స్టీలు జల్లెడ పళ్లెం ఉంటుంది, దాన్నీ తీయండి. స్తంభం కూడా రెండు ముక్కలుగా విడిపోతుంది: పెద్ద తుక్కును పట్టే గుల్ల, దాని చుట్టూ సన్నటి జాలీ. రెండూ విడదీయకుండా కుళాయి కింద పెట్టి అయిందనిపించేవారు చాలామంది. తుక్కంతా ఆ రెండింటి మధ్యే చేరుతుంది.

వేడి నీళ్లు అని ఎందుకంటున్నానంటే, మన ఇళ్లలో జల్లెడను మూసేది కంటికి కనిపించే తుక్కు కాదు. నెయ్యి, కొబ్బరి నూనె, పప్పు జిగురు, అన్నం గంజి కలిసి రంధ్రాల మీద అద్దంలాంటి పొర కడతాయి. చన్నీళ్లకు అది కదలదు. చేయి పట్టేంత వేడి నీళ్లలో రెండు చుక్కల లిక్విడ్ వేసి పావుగంట నానబెట్టండి. తర్వాత బ్రష్‌తో రుద్దండి. స్టీలు పీచు, ఇనుప బ్రష్ వాడితే జాలీ చిరుగుతుంది, లేదా చట్రం నుంచి ఊడుతుంది. పసుపు మరక పోలేదని రుద్దకండి. ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారడం వల్ల ఏ నష్టమూ లేదు. నా దగ్గరున్న సొంత మిషన్ ఫిల్టర్ బంతిపువ్వు రంగులో ఉంటుంది, నిక్షేపంగా పనిచేస్తుంది.

లిక్విడ్ నురగ పూర్తిగా పోయేదాకా కడగండి. ఇది చాదస్తం కాదు. చేత్తో తోమే లిక్విడ్ మిషన్ లోపల కొద్దిగా మిగిలినా నురగ కక్కుతుంది, నురగ ఎక్కువైతే పంపు నీళ్లకు బదులు గాలి లాగుతుంది.

శుభ్రమైందో లేదో చూసి చెప్పలేం, నీళ్లు పోసి చెప్పాలి. కుళాయి సన్నగా తిప్పి జల్లెడ మీద పట్టండి. నీళ్లు ఆగకుండా జారిపోతే బాగుంది. ఒక క్షణం నిలబడి, ఉబ్బి, పక్కకు ఒలికితే జిడ్డు ఇంకా ఉంది. కరివేపాకు చేసే మోసం కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక్క రెబ్బలో నాలుగు ఆకులు చాలు, పంపు లాగుడుకు జల్లెడకు అతుక్కుని మూతల్లా పనిచేస్తాయి. మిషన్ ఆగగానే ఆకు ఊడి పడిపోతుంది, చూసినవారికి ఫిల్టర్ శుభ్రంగానే కనిపిస్తుంది.

ఫిల్టర్ బయట ఉన్నప్పుడే గుంటలోకి టార్చ్ వేసి చూడండి. అడుగున కొద్దిగా నీళ్లుంటాయి, అవి ఉండాల్సినవే, రబ్బరు సీళ్లు ఎండిపోకుండా కాపాడతాయి. పంపు మూత చూడాలంటే ఆ నీళ్లను స్పాంజితో తీసేయండి. వట్టి చేయి మాత్రం లోపల పెట్టవద్దు. పగిలిన గాజు పెంకు నీళ్లలో కనిపించదు. నా ఎడమ చూపుడు వేలి మీద గీత అలాంటిదే, మొదటి ఏడాదిలో తెలివితక్కువగా సంపాదించుకున్నాను. గుంట మూలలో చాలా మిషన్లకు చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, చెంచా కాడతో లేపితే వస్తుంది. దాని వెనక నీళ్లు బయటకు తోసే పంపు రెక్క ఉంటుంది. పుల్లతో తిప్పి చూడండి. అది మెత్తగా తిరగదు, మెట్టు మెట్టుగా ఆగి ఆగి తిరుగుతుంది. లోపల అయస్కాంతం ఉన్న మోటారు కాబట్టి దాని నడకే అంత. అసలు కదలకపోతేనే ఏదో ఇరుక్కున్నట్టు. నేను తీసిన వాటిలో నిమ్మగింజలు, చేప ముళ్లు, మునగకాడ పీచు, కొత్త స్టీలు గిన్నెల మీద అంటించే స్టిక్కర్లు, ఒకసారి చిన్నపిల్ల ముక్కుపుడక కూడా ఉన్నాయి. ముక్కుపుడక దొరికిన రోజు ఆ ఇంట్లో నాకు భోజనం కూడా పెట్టారు.

ఇప్పుడు అసలు విషయం, బిగించడం. విడదీసిన రెండు ముక్కలను ముందు బయటే కలిపి, టక్కుమనేదాకా నొక్కండి. స్టీలు పళ్లెం దాని గాడిలో చదునుగా కూర్చోవాలి. దాని చుట్టూ వేలితో తడమండి, ఎక్కడా అంచు లేచి ఉండకూడదు. గాడిలో ఒక్క అన్నం మెతుకు ఉన్నా లేచే ఉంటుంది, అందుకే ఆ గాడిని తడి గుడ్డతో తుడవమంటాను. తర్వాత స్తంభం దించి, గడియారం ముల్లు వైపు తిప్పండి. మిషన్ అడుగున ఒక బాణం గుర్తు, ఫిల్టర్ పిడి మీద ఒక బాణం గుర్తు ఉంటాయి, రెండూ ఎదురెదురుగా రావాలి. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఒకటి చెబుతాను: తిప్పడం అయ్యాక పిడి పట్టుకుని నిటారుగా పైకి లాగండి. రాకూడదు. కొంచెం కదిలినా మళ్లీ మొదలుపెట్టండి. చివరగా కింది ఆర్మ్‌ను పెట్టి వేలితో తిప్పండి, పిడికి తగలకుండా తిరగాలి. తగులుతోందంటే ఫిల్టర్ పూర్తిగా కిందికి దిగలేదు.

రెండేళ్ల క్రితం కొండాపూర్‌లో ఒక ఇంటికి వెళ్లాను. కోడలు రోజూ రాత్రి ఫిల్టర్ కడిగేది. అంత శుభ్రమైన ఫిల్టర్ నేను చూడలేదు. అయినా ఆరు నెలల్లో రెండు పంపులు పోయాయి. మూడోసారి పాడైనప్పుడు నన్ను పిలిచారు. నేను ఏమీ విప్పకుండా, అమ్మా, ఒకసారి నా ముందు కడిగి పెట్టండి అన్నాను. కడిగింది, పెట్టింది, తిప్పింది. చక్కగా ఉంది. పిడి పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసింది. ఆమె తిప్పింది పై ముక్కను, కింది ముక్క దానితో కలిసి తిరగలేదు, రెండింటినీ బయట కలపకుండా ఒక్కొక్కటే దించుతోంది. ఆరు నెలలుగా పోపు గింజలు, ఒక విరిగిన గాజు గ్లాసు రవ్వలు అన్నీ ఆ సందులోంచే పంపుకు చేరాయి. పాపం, బద్ధకించి నెలకోసారి కడిగి ఉంటే మొదటి పంపే ఇప్పటికీ నడుస్తూ ఉండేదేమో.

అందుకే రోజూ కడగమని నేను ఎవరికీ చెప్పను. రోజూ చేయాల్సింది పైనుంచి ఒక చూపు: కరివేపాకు, మిరపకాయ తొడిమ, చింతపండు పిప్పి పైన కనిపిస్తే తీసి పారేయడం. విప్పి కడగడం వారానికోసారి. పండగల్లో, బంధువులు దిగినప్పుడు, పులిహోర గంగాళాలు, పాయసం గిన్నెలు పడినప్పుడు మూడు రోజులకోసారి. ఇద్దరే ఉండి, వంట తక్కువైతే పదిహేను రోజులకు జరపవచ్చు. నెల మాత్రం దాటకండి. గుంట, పంపు మూత, ఆర్మ్‌లు నెలకోసారి చాలు.

గిన్నెలు మిషన్‌లో పెట్టే ముందు కడగాలా అని తర్వాతి ప్రశ్న రాబోతోంది కాబట్టి ఇప్పుడే చెబుతాను. కడగవద్దు, దులపండి. అరచేతి వెడల్పు రబ్బరు గీకుడు బద్ద ఒకటి సింకు దగ్గర పెట్టుకోండి. పప్పు అడుగు, చారులోని మిరపకాయ, సాంబారు మునక్కాడ నమిలిన పిప్పి చెత్తబుట్టలోకి గీకి పడేయండి. పలుచగా అంటుకున్న పప్పు, గంజి అలాగే ఉండనివ్వండి. డిటర్జెంటులో పిండిపదార్థాన్నీ మాంసకృత్తులనూ విడగొట్టే ఎంజైములు ఉంటాయి, వాటి పని అదే. మురికిని కొలిచే సెన్సరు ఉన్న మిషన్లయితే నీళ్ల కలకదనం చూసి ఎంతసేపు కడగాలో నిర్ణయించుకుంటాయి. మీరు కుళాయి కింద శుభ్రంగా కడిగి పెడితే, పని తక్కువే అనుకుని తొందరగా ముగిస్తాయి. అన్నం మెతుకుల్ని మాత్రం ఉదారంగా వదిలేయకండి. వేడి నీళ్లలో ఉబ్బి, చిట్లి, జాలీకి జిగురు పూసినట్టు పూస్తాయి. ఇడ్లీ పాత్రల గుంటల్లో ఎండిన పిండి కూడా అంతే, పెట్టే ముందు పావుగంట నీళ్లలో నానితే చాలు.

మీ బోరు నీళ్ల సంగతికి వస్తాను. ఫిల్టర్ ఎంత కడిగినా ఈ ఒక్కటి వదిలేస్తే తెల్ల పొడి పోదు. మిషన్‌లో ఉప్పు వేసేది గిన్నెల కోసం కాదు. లోపల రెసిన్ పూసలు ఉన్న గది ఒకటుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను ఆ పూసలు పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. పూసలు నిండిపోయాక ఉప్పునీళ్లు వాటిని మళ్లీ కడిగి సిద్ధం చేస్తాయి. ఉప్పు అయిపోతే ఈ పని ఆగిపోతుంది, నీళ్లు వేడెక్కగానే గార రాలుతుంది, ఫిల్టర్ జాలీ రంధ్రాల్లోనూ పేరుకుంటుంది. డిష్‌వాషర్ ఉప్పే వాడండి. అయొడైజ్డ్ మెత్తని ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలుంటాయి, అవి రెసిన్‌ను పాడుచేస్తాయి. బస్తాల్లో దొరికే గళ్లుప్పు చవకే కానీ అందులో మట్టీ, మనం తీసేద్దామనుకుంటున్న ఆ కాల్షియం, మెగ్నీషియమే ఉంటాయి. ఉప్పు పోసేటప్పుడు చుట్టూ ఒలికింది తుడిచి, వెంటనే ఒక ప్రోగ్రామ్ నడపండి. ఒలికిన ఉప్పు రాత్రంతా ఉంటే స్టీలుకు తుప్పు మచ్చలు వేస్తుంది.

నీటి కాఠిన్యం, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయన్నది, దాని సెట్టింగు కూడా ఒకసారి చూడండి. మెకానిక్ బిగించిన రోజు పెట్టిన అంకె మీదే చాలా ఇళ్లు నడుస్తుంటాయి. మంజీరా, కృష్ణా నీళ్లకు సరిపోయిన అంకె వేసవిలో ట్యాంకరు తెచ్చే బోరు నీళ్లకు సరిపోదు. మార్చిలో పెంచి, వానలు పడ్డాక తగ్గించుకోండి. దీన్ని టీడీఎస్ మీటరుతో చూడకండి, అది నీళ్లలో కరిగిన అన్నిటినీ కలిపి చూపిస్తుంది. కాఠిన్యం చూసే కాగితపు పట్టీలు వేరే దొరుకుతాయి. కొన్ని మాన్యువళ్లలో కాఠిన్యాన్ని జర్మన్ డిగ్రీల్లో ఇస్తారు. పట్టీ పీపీఎంలో (లీటరుకు మిల్లీగ్రాముల్లో) చూపిస్తే దాన్ని 17.8తో భాగించండి, ఆ డిగ్రీలు వస్తాయి.

జాలీ మీద గార ఇప్పటికే పట్టి ఉంటే ఫిల్టర్‌ను తీసి, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానబెట్టండి. మొత్తం మిషన్‌కు చేయాలంటే ఖాళీ మిషన్‌లో, డిటర్జెంటు లేకుండా, డిటర్జెంటు పెట్టెలోనే మూడు నాలుగు చెంచాల నిమ్మ ఉప్పు వేసి వేడి ప్రోగ్రామ్ నడపండి. అడుగున చల్లితే మొదట్లోనే నీళ్లతో పాటు బయటకు పోతుంది. రెండు మూడు నెలలకోసారి చాలు. వెనిగర్‌తో కూడా గార పోతుంది, కానీ మాటిమాటికీ వాడితే రబ్బర్లకు మంచిది కాదని నా అభిప్రాయం, వాసన కూడా రెండు రోజులు వదలదు.

బ్లీచింగ్ పౌడర్, బాత్రూమ్ యాసిడ్: రెండూ వద్దు. రెండూ స్టీలును గుంటలు గుంటలుగా తింటాయి. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, బ్లీచింగ్‌కు నిమ్మ ఉప్పో వెనిగరో యాసిడో తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన వంటింట్లో అది ఊపిరితిత్తులకు చేటు. నిన్న బ్లీచింగ్, ఇవాళ నిమ్మ ఉప్పు వేసినా గుంటలో మిగిలిన నీళ్లలో అవి కలుస్తాయని మరిచిపోకండి.

వాసన గురించి ఒక మాట మిగిలింది. ఫిల్టర్ కడిగిన మర్నాడే మళ్లీ వాసన వస్తే అది ఫిల్టర్‌ది కాదు. రెండు చోట్లు చూడండి. తలుపు కింది అంచు, దాని లోపలి మడత: అక్కడికి నీళ్ల ధార చేరదు, జిడ్డు చేరుతుంది. తడి గుడ్డకు లిక్విడ్ రాసి తుడిస్తే నల్లగా వస్తుంది. రెండోది డ్రెయిన్ పైపు. మన ఇళ్లలో మిషన్‌ను వాష్ ఏరియాలో పెట్టి, పైపును నేల మీది జాలీలోకి తోసేస్తారు. అలా నేలబారుగా ఉంటే మురుగు వాసన, ఒక్కోసారి మురుగు నీళ్లే వెనక్కు వస్తాయి. పైపును మాన్యువల్‌లో చెప్పిన ఎత్తుకు లేపి గోడకు కట్టి, అక్కడి నుంచి దించాలి. పైపు చివర మురుగు నీటిలో మునిగి ఉండకూడదు. ఇది మీరే చేసుకోగలిగిన పని, పావుగంట పట్టదు. మిషన్ వాడని రోజుల్లో తలుపు వేలెడు సందు తీసి ఉంచండి.

పై అంతస్తులో ఉండేవారికి చిన్న చేర్పు. చాలా మిషన్లకు కనీసం 0.5 బార్ ఒత్తిడి కావాలి, అంటే ట్యాంకు నీటిమట్టం మిషన్ కన్నా సుమారు 5 మీటర్లు ఎత్తున ఉండాలి. ట్యాంకు సరిగ్గా నెత్తిమీదే ఉంటే అది రాదు. నీళ్లు చాలక గిన్నెలు సరిగా కడగబడవు, నింద ఫిల్టర్ మీద పడుతుంది. నీళ్లు వచ్చే పైపు బిగింపులో కూడా బొటనవేలి గోరంత జాలీ ఉంటుంది, ట్యాంకు మట్టి దానికి అడ్డుపడుతుంది. కుళాయి కట్టేసి విప్పి, కడిగి పెట్టండి.

అమెరికాలో ఉండే మనవాళ్లూ ఇది చదువుతుంటారు కాబట్టి: అక్కడి పాత మిషన్లలో తుక్కును నలిపే చిన్న గ్రైండరు ఉండేది, ఫిల్టర్ కడిగే పని ఉండేది కాదు. ఇప్పటి మిషన్లు చాలావరకు చేత్తో కడిగే ఫిల్టర్‌వే, శబ్దం తక్కువ కావడానికి అదీ ఒక కారణం. పాత అలవాటుతో కడగకుండా వదిలేయకండి. సింకు కింద డిస్పోజల్ (సింకులో పడిన తిండి తుక్కును నలిపే యంత్రం) ఉంటే ముందు దాన్ని నడిపి, తర్వాత డిష్‌వాషర్ వేయండి, రెండింటి నీళ్లూ ఒకే దారిలో పోతాయి. కొత్త డిస్పోజల్ పెట్టించాక డిష్‌వాషర్ నీళ్లు తోయడం మానేస్తే, డిస్పోజల్ పక్కనున్న గొట్టంలోని ప్లాస్టిక్ బిరడా పగలగొట్టారా అని అడగండి. ఇక డిష్‌వాషర్‌ను గిన్నెలు ఆరబెట్టే అల్మారాగా ఏళ్ల తరబడి వాడుతున్నవారు, కనీసం నెలకోసారి ఖాళీగానైనా ఒకసారి నడపండి. అడుగు నీళ్లు ఆవిరైపోతే సీళ్లు ఎండి బిగుసుకుపోతాయి.

ఫిల్టర్ నిజంగా మార్చాల్సింది ఎప్పుడంటే: జాలీకి కంటికి కనిపించే చిల్లు పడినప్పుడు, జాలీ ప్లాస్టిక్ చట్రం నుంచి ఊడినప్పుడు, కింద గాడిలో పట్టుకునే చిన్న పళ్లు విరిగినప్పుడు, సరిగా బిగించినా పైకి లాగితే వచ్చేస్తున్నప్పుడు. వీటిలో ఏది ఉందో చూపించమని మీ మెకానిక్‌ను అడగండి. చూపిస్తే మార్చండి, అదీ మీ మోడల్ నంబరుకు సరిపోయేదే. ఆ నంబరు సాధారణంగా తలుపు లోపలి అంచు మీద ఉంటుంది. ఫిల్టర్ లేకుండా మాత్రం ఒక్క రోజు కూడా నడపకండి, కొత్తది వచ్చేదాకా చేత్తో తోముకోవడమే మేలు.

మీరు ఇవాళ రాత్రి చేయాల్సింది ఇంతే: పిడి పట్టుకుని పైకి లాగి చూడండి, ఆర్మ్‌లు ఊపి చూడండి, గ్లాసులోని పొడి మీద రెండు చుక్కల నిమ్మరసం వేయండి. మూడింటికీ ఏం వచ్చిందో, మిషన్‌లో ఉప్పు గుర్తు లైటు వెలుగుతోందో లేదో రాయండి. గుంట ఫొటో కూడా పెడితే మీ పంపు మూత ఎటువైపు ఉందో చెబుతాను.